భద్రతా మండలిలో హైదరాబాద్ ఫైలు: 1948లో ఏం జరిగింది, సమితిలో ఇప్పుడు ఏం మారాలి

నిజామాబాద్, బోధన్ వైపు పాత ఇళ్లలో 'పోలీస్ యాక్షన్' అంటే ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. తాతలు, నానమ్మలు కాలాన్ని దానితోనే లెక్కపెట్టేవారు. పోలీస్ యాక్షన్‌కు ముందు, పోలీస్ యాక్షన్ తర్వాత అని. అయితే ఆ అయిదు రోజుల యుద్ధం ఐక్యరాజ్య సమితి దాకా వెళ్లిందన్న సంగతి ఈతరం పిల్లల్లో చాలామందికి తెలియదు. సమితి భద్రతా మండలి రికార్డుల్లో 'హైదరాబాద్ ప్రశ్న' పేరుతో ఒక ఫైలు ఉంది. 1948 సెప్టెంబర్ 16న అది తెరుచుకుంది. 1949 మే 24 తర్వాత దానిపై ఒక్క సమావేశం కూడా జరగలేదు. అయినా మండలి ముందున్న అంశాల జాబితాలో ఆ పేరు దశాబ్దాల పాటు అలాగే ఉండిపోయింది.

సమితిని సంస్కరించాలి, వీటోను అదుపులో పెట్టాలి, శాంతి పరిరక్షక దళాల పని తీరు మార్చాలి అని ఇప్పుడు ప్రపంచమంతా మాట్లాడుతోంది. ఆ చర్చ అర్థం కావాలంటే దూరదేశాల ఉదాహరణలు వెతకనక్కర్లేదు. మన జిల్లా అప్పట్లో భాగంగా ఉన్న రాజ్యం కథే సరిపోతుంది.

ఫిర్యాదుకు ముందు

హైదరాబాద్ సంస్థానంలో 16 జిల్లాలు ఉండేవి. అందులో నిజామాబాద్ ఒకటి. నిజాంసాగర్ నీళ్లు, 1937లో మొదలైన బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఈ జిల్లాకు గుర్తింపు తెచ్చాయి. రాజ్యంలో జనాభా 1941 లెక్కల ప్రకారం కోటీ 60 లక్షలకు పైనే. పాలకుడు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ప్రజల్లో అత్యధికులు తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడే హిందువులు. సర్కారు భాష ఉర్దూ.

1947లో బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోతూ సంస్థానాలపై తమ అధికారం ముగిసిందన్నారు. భారత్‌లోనో పాకిస్తాన్‌లోనో చేరాలని సలహా ఇచ్చారు. నిజాం రెండింట్లో దేనిలోనూ చేరనన్నాడు. కొన్ని నెలల మంతనాల తర్వాత 1947 నవంబర్ 29న ఢిల్లీతో యథాతథ ఒప్పందం కుదిరింది. గడువు ఒక ఏడాది. అంతకుముందు బ్రిటిష్ వాళ్లతో ఉన్న ఏర్పాట్లే భారత్‌తో కొనసాగాలని అందులో ఉంది. తగాదా వస్తే ఇరువైపులా చెరొక మధ్యవర్తి, వాళ్లకు పైన ఒక అంపైర్ కూర్చుని తీర్పు చెప్పాలనే నిబంధన కూడా ఉంది.

ఆ మధ్యవర్తుల నిబంధన కాగితం మీదే ఉండిపోయింది. తగాదాలు మాత్రం పెరిగాయి. పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల రుణం ఇచ్చారని, ఖాసిం రజ్వీ రజాకార్లు ఊళ్ల మీద పడి దౌర్జన్యం చేస్తున్నారని ఢిల్లీ ఆరోపించింది. భారత్ ఆర్థిక దిగ్బంధం విధించిందని, మందులు, పెట్రోలు, ఉప్పు రానివ్వడం లేదని హైదరాబాద్ ఆరోపించింది. సముద్రం లేని, నాలుగు వైపులా భారత్ ఉన్న రాజ్యానికి దిగ్బంధం అంటే మెడ మీద చెయ్యి పడ్డట్టే. ఇంకోవైపు తెలంగాణ పల్లెల్లో దొరలకూ సర్కారుకూ వ్యతిరేకంగా రైతుల సాయుధ పోరాటం నడుస్తోంది. నిజామాబాద్ ఖిల్లా జైలు రాజకీయ ఖైదీలతో నిండింది. కవి దాశరథి కృష్ణమాచార్య, రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి ఖైదులో ఉన్నది ఆ జైల్లోనే.

ఆగస్టు 21: ఒకే రోజు రెండు ఘటనలు

1948 ఆగస్టు 21న హైదరాబాద్ ప్రభుత్వం భద్రతా మండలి అధ్యక్షుడికి తంతి పంపింది. సమితి ఛార్టర్ 35వ అధికరణం రెండో పేరా దానికి ఆధారం. సమితిలో సభ్యత్వం లేని రాజ్యం కూడా, శాంతియుత పరిష్కారానికి కట్టుబడి ఉంటానని ముందుగా ఒప్పుకుంటే, తన తగాదాను మండలి ముందు పెట్టొచ్చని ఆ పేరా చెబుతుంది.

అదే రాత్రి హైదరాబాద్ కాచిగూడలో 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌పై దాడి జరిగింది. హైదరాబాద్ భారత్‌లో కలవాలని, రజాకార్ల దారి ముస్లింలకే చేటు తెస్తుందని రాసినందుకు ఆయన ప్రాణం తీశారు. ఆ రాజ్యంలో ముస్లింలంతా ఒకే మాట మీద లేరనడానికి ఆయన పేరే సాక్ష్యం. బయట న్యాయం కోసం సమితి తలుపు కొట్టిన ప్రభుత్వం, లోపల ఒక సంపాదకుడి ప్రాణం కాపాడలేకపోయింది. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

పారిస్‌లో ఏం జరిగింది

హైదరాబాద్ ప్రతినిధి వర్గానికి నాయకుడు మొయిన్ నవాజ్ జంగ్. దళిత నాయకుడు బి. శ్యామ్ సుందర్ కూడా అందులో సభ్యుడు. సమితి సమావేశాలు ఆ ఏడాది పారిస్‌లో, పలే ద షాయో భవనంలో జరుగుతున్నాయి.

ప్రతినిధి వర్గం చెప్పుకునేలోపే యుద్ధం మొదలైంది. సెప్టెంబర్ 13 తెల్లవారుజామున మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నేతృత్వంలో భారత సైన్యం సోలాపూర్ వైపు నుంచి ప్రధానంగా, ఇతర దిక్కుల నుంచి కూడా లోపలికి వచ్చింది. సైనిక పరిభాషలో దాని పేరు ఆపరేషన్ పోలో. 'పోలీస్ యాక్షన్' అన్నది ప్రభుత్వం పెట్టిన పేరు. ఒక దేశం ఇంకో దేశంపై చేసేది యుద్ధం, ఇంట్లో శాంతిభద్రతల కోసం చేసేది పోలీసు చర్య. ఆ ఒక్క మాటలోనే భారత్ న్యాయవాదం అంతా ఉంది.

సెప్టెంబర్ 16న మండలి కూర్చుంది. అప్పట్లో మండలిలో 11 దేశాలే. బ్రిటన్ ప్రతినిధి అలెగ్జాండర్ కాడొగన్ అధ్యక్షుడు. భారత్ తరఫున రామస్వామి మొదలియార్ లేచి, హైదరాబాద్ అంతర్జాతీయ చట్టం దృష్టిలో రాజ్యమే కాదని, ఇది భారత్ ఇంటి వ్యవహారమని వాదించారు. ఎజెండాలో చేర్చాలా వద్దా అన్న దానిపై ఓటింగ్ జరిగింది. అనుకూలంగా 8, వ్యతిరేకంగా సున్నా. చైనా, సోవియట్ యూనియన్, ఉక్రెయిన్ ఓటు వేయలేదు. హైదరాబాద్‌కు ఫిర్యాదు చేసే అర్హత ఉందా లేదా అన్నది మాత్రం తేల్చకుండా పక్కన పెట్టారు.

మరుసటి రోజు, సెప్టెంబర్ 17 సాయంత్రానికి నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న హైదరాబాద్ సైన్యాధిపతి ఎల్ ఎడ్రూస్ లొంగిపోయాడు. 22న నిజాం నుంచి సమితికి తంతి వెళ్లింది. ఫిర్యాదు వాపస్ తీసుకుంటున్నానని, ఆ ప్రతినిధి వర్గానికి ఇక అధికారం లేదని దాని సారాంశం. అది నిజాం స్వేచ్ఛగా పంపింది కాదని మొయిన్ నవాజ్ జంగ్ వాదించారు. 28న మండలి మళ్లీ కూర్చుంది, ఏమీ తేల్చలేదు. 1949 మేలో రెండు సార్లు చర్చ జరిగింది. భారత్ తరఫున విజయలక్ష్మీ పండిట్, పాకిస్తాన్ తరఫున జఫ్రుల్లా ఖాన్ మాట్లాడారు. ఆ తర్వాత ఫైలు కదల్లేదు. 1949 నవంబర్‌లో నిజాం భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ ఫర్మానా ఇచ్చాడు. 1950 జనవరి 26న రాజ్‌ప్రముఖ్ అయ్యాడు.

మండలి ఎందుకు ఏమీ చేయలేదు

కారణాలు నాలుగు. అవి ఇప్పటి సంస్కరణల చర్చలో కూడా వినబడతాయి.

మొదటిది వేగం. ఫిర్యాదు నుంచి మొదటి సమావేశానికి 26 రోజులు పట్టింది. యుద్ధం అయిదు రోజుల్లో ముగిసింది.

రెండోది 'ఇంటి వ్యవహారం' అనే గోడ. ఛార్టర్ రెండో అధికరణం ఏడో పేరా ప్రకారం ఒక దేశం అంతర్గత విషయాల్లో సమితి జోక్యం చేసుకోకూడదు. హైదరాబాద్ దేశమా, దేశంలో భాగమా అన్నది తేలకుండా ఆ గోడ దాటడం కుదరదు. తేల్చే పని మండలి చేయలేదు. అంతర్జాతీయ న్యాయస్థానం సలహా కూడా అడగలేదు.

మూడోది సమ్మతి. ఫిర్యాదు చేసిన మనిషే వాపస్ తీసుకున్నాక దాన్ని ముందుకు నడిపేదెవరు? కశ్మీర్ విషయంలో భారత్, పాకిస్తాన్ రెండూ సమితి సభ్యులు, రెండూ పట్టు వదల్లేదు. అందుకే 1949 జనవరిలో అక్కడికి సైనిక పరిశీలకులు వచ్చారు. హైదరాబాద్‌కు ఒక్క పరిశీలకుడూ రాలేదు.

నాలుగోది సమితి అప్పటి వయసు. శాంతి పరిరక్షణ అనే పనే అప్పుడే పుట్టింది. మొదటి పరిశీలక బృందం 1948 మేలో పాలస్తీనా కోసం ఏర్పడింది. హైదరాబాద్‌లో కాల్పులు ఆగిన రోజే, సెప్టెంబర్ 17న, సమితి మధ్యవర్తి కౌంట్ ఫోక్ బెర్నడాట్‌ను జెరూసలేంలో యూదు తీవ్రవాదులు కాల్చి చంపారు. మండలి కళ్లన్నీ అటువైపు తిరిగాయి.

ఎవరూ అడగని ప్రశ్న

పారిస్‌లో చర్చంతా ఒక్కదాని చుట్టే తిరిగింది. హైదరాబాద్ రాజ్యమా, కాదా? ఊళ్లలో ఉన్న మనుషుల సంగతి ఎజెండాలో లేదు.

సైన్యం గెలిచిన తర్వాత మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాల్లో ముస్లింలపై పెద్ద ఎత్తున హత్యలు, దోపిడీ జరిగాయి. అంతకుముందు రజాకార్ల చేతిలో దెబ్బతిన్న ఊళ్ల కోపం దానికి ఒక కారణం. దాడులు మాత్రం ఎక్కువగా రజాకార్లతో ఏ సంబంధమూ లేని కుటుంబాల మీద పడ్డాయి. ఈ వార్తలు విని ప్రధాని నెహ్రూ ఒక సౌహార్ద బృందాన్ని పంపారు. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబర్ చివర్లో బయలుదేరి డిసెంబర్ మూడో వారం దాకా తిరిగారు. పోలీస్ యాక్షన్ సమయంలో, ఆ తర్వాత కలిపి 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని వాళ్ల అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా నష్టపోయాయని రాశారు. ప్రాణాలకు తెగించి ముస్లిం పొరుగువాళ్లను కాపాడిన హిందువుల గురించి కూడా ఆ నివేదికలో ఉంది. బోధన్ దాటి సాలూర దగ్గర మంజీర వంతెన ఎక్కితే అవతల నాందేడ్ జిల్లా. అంత దగ్గర.

ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటకు రాలేదు. ఇటీవలి కాలంలోనే పరిశోధకుల చేతికి అందింది. చనిపోయినవారి పేర్లు రాసిన వారు లేరు, నష్టపరిహారం అడగడానికి దారి లేదు.

ఒక రాజ్యం పోయినా ఆగని కేసు

మనుషుల లెక్క ఆగిపోయింది గానీ డబ్బు లెక్క 71 ఏళ్లు నడిచింది. 1948 సెప్టెంబర్‌లో లండన్ వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులోని హైదరాబాద్ ప్రభుత్వ ఖాతా నుంచి 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతుల్లా పేరు మీదకు బదిలీ అయ్యాయి. బదిలీ చేయించింది మొయిన్ నవాజ్ జంగ్. నా అనుమతి లేదు, తిరిగి ఇవ్వండి అని నిజాం అడిగాడు. కేసు బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. పరాయి దేశాన్ని ఇక్కడి కోర్టులో నిలబెట్టలేమన్న సూత్రం మీద 1957లో అక్కడ ఆగింది. 2013లో పాకిస్తానే కోర్టుకు వెళ్లడంతో ఆ అడ్డు తొలగింది. 2019 అక్టోబర్ 2న జస్టిస్ మార్కస్ స్మిత్ భారత్‌కు, నిజాం మనవలు ముకర్రం జా, ముఫ్ఫఖం జాలకు అనుకూలంగా తీర్పు ఇచ్చారు. అప్పటికి ఆ సొమ్ము దాదాపు మూడున్నర కోట్ల పౌండ్లు అయింది.

సమితి పని చేసిన సందర్భం: కువైట్

సమితి ఎప్పుడూ చేతకానిదేనా అంటే, కాదు. నిజామాబాద్ జిల్లాలో గల్ఫ్ ముఖం చూడని బస్తీ, ఊరు అరుదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడ ఉన్న భారతీయుల్లో దాదాపు లక్షా 70 వేల మందిని ఎక్కువగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాల్లో ఇంటికి చేర్చారు. చాలామంది కట్టుబట్టలతో వచ్చారు. జీతాల బకాయిలు, సామాను అన్నీ అక్కడే పోయాయి.

1991లో భద్రతా మండలి నష్టపరిహార కమిషన్‌ను ఏర్పాటు చేసింది. ఇరాక్ చమురు ఆదాయంలో వాటా తీసి బాధితులకు ఇవ్వాలన్నది ఏర్పాటు. కువైట్ లేదా ఇరాక్ విడిచి రావాల్సి వచ్చిన వ్యక్తికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000 డాలర్లు అని నిర్ణయించారు. ఇతర క్లెయిములు వేయనన్న వారికి 4,000, 8,000. పెద్ద సాక్ష్యాలు అడగలేదు. 1990 ఆగస్టు 2 నుంచి 1991 మార్చి 2 మధ్య ఆ దేశం విడిచి వచ్చినట్టు రుజువు ఉంటే చాలు. అర్జీలు ఎవరి ప్రభుత్వం ద్వారా వారు పంపారు. 2022 జనవరిలో చివరి చెల్లింపుతో కమిషన్ పని ముగిసింది. మొత్తం ఇచ్చింది 5,240 కోట్ల డాలర్లు.

1948కీ 1991కీ తేడా ఎక్కడ? కువైట్ సమితి సభ్య దేశం, చమురు దేశం. అయిదు పెద్ద దేశాల్లో ఎవరూ వీటో వాడలేదు. అంటే సమితికి చేతులు ఉన్నాయి. అవి ఎప్పుడు కదలాలో ఆ అయిదుగురి ఇష్టం మీద ఉంది. సంస్కరణ వాదానికి మూలం ఇదే.

ఇప్పుడు ఏం మారాలంటున్నారు

*మండలి కూర్పు.* 1965లో మండలి 11 నుంచి 15కు పెరిగింది. ఆ తర్వాత మార్పు లేదు. సమితిలో ఇప్పుడు 193 దేశాలు. శాశ్వత సభ్యులు మాత్రం అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్ అయిదే. ఆఫ్రికా నుంచి ఒక్కటీ లేదు, ముస్లింలు అధికంగా ఉన్న దేశం ఒక్కటీ లేదు. భారత్, జపాన్, జర్మనీ, బ్రెజిల్ కలిసి శాశ్వత స్థానాలు అడుగుతున్నాయి. ఆఫ్రికా దేశాలు 2005 నుంచి రెండు శాశ్వత స్థానాలు అడుగుతున్నాయి. ఇటలీ, పాకిస్తాన్ వంటి దేశాలు కొత్త శాశ్వత స్థానాలే వద్దంటున్నాయి. ఛార్టర్ సవరించాలంటే మూడింట రెండొంతుల దేశాలు, వాటిలో ఆ అయిదూ తప్పక, ఆమోదించాలి. అసలు చిక్కు అక్కడే.

*వీటో.* ఉక్రెయిన్‌పై రష్యా, గాజాపై అమెరికా వీటో వాడటం అందరూ చూశారు. సామూహిక హత్యల విషయంలో వీటో వాడకూడదని ఫ్రాన్స్, మెక్సికో 2015లో ప్రతిపాదించాయి. 2022 ఏప్రిల్‌లో సర్వప్రతినిధి సభ ఒక నియమం పెట్టింది. ఎవరైనా వీటో వాడితే 10 పనిదినాల్లో సభ కూర్చుని చర్చించాలి. వీటో ఆగదు, కానీ వాడినవాళ్లు ప్రపంచం ముందు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

*సామాన్యుల రక్షణ.* 1994లో రువాండాలో, 1995లో స్రెబ్రెనిత్సాలో సమితి సైనికులు ఉండగానే ఊచకోత జరిగింది. అల్జీరియా దౌత్యవేత్త లఖ్దర్ బ్రహీమీ 2000లో ఇచ్చిన నివేదిక, కళ్ల ముందు సామాన్యులపై దాడి జరుగుతుంటే ఆపే అధికారం దళాలకు ఉన్నట్టే భావించాలంది. 2005లో దేశాలన్నీ కలిసి, తమ ప్రజలను ఊచకోతల నుంచి కాపాడటం ప్రతి ప్రభుత్వం బాధ్యత అని ఒప్పుకున్నాయి. 'ఇంటి వ్యవహారం' గోడకు పడ్డ మొదటి పగులు అది. అయినా ఆతిథ్య దేశం పొమ్మంటే దళాలు వెళ్లాల్సిందే. 2023లో మాలి ప్రభుత్వం అడిగినందుకు సమితి దళాలు ఖాళీ చేశాయి.

*సైనికులను పంపే దేశాల మాట.* ఇప్పటిదాకా 2 లక్షల 90 వేలకు పైగా భారతీయులు నీలి టోపీ పెట్టుకుని పనిచేశారు. 2007లో లైబీరియాకు వెళ్లిన మొదటి పూర్తి మహిళా పోలీసు దళం కూడా మన దేశానిదే. ప్రాణాలు పెట్టేది ఒకరు, ఎక్కడికి ఏ ఆదేశంతో పంపాలో నిర్ణయించేది మరొకరు అన్నది ఈ దేశాల పాత ఫిర్యాదు.

1948లో హైదరాబాద్‌కు ఆ సభలో మాట్లాడే అర్హత ఉందా అని వాదించుకున్నారు. 2016 నుంచి 2020 దాకా అదే సమితిలో భారత్ శాశ్వత ప్రతినిధిగా కూర్చున్నది హైదరాబాదీ అయిన సయ్యద్ అక్బరుద్దీన్.

సెప్టెంబర్ 17కు ఎన్ని పేర్లు

ఆ రోజును ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు. రాష్ట్ర ప్రభుత్వం 2022లో జాతీయ సమైక్యతా దినంగా, 2024లో ప్రజాపాలన దినోత్సవంగా జరిపింది. పేరు మీద తగువు ఏటా వస్తుంది, పోతుంది.

ఆ ఏడాది మిగిల్చిన పాఠం వేరే. పాలకుల తగాదా తేలేదాకా ప్రజల ప్రాణాల లెక్క ఆగకూడదు. ఒక పరిశీలకుడు, ఒక రిజిస్టరు, ఒక అర్జీ ఫారం ఉండి ఉంటే నాందేడ్, బీదర్ కుటుంబాల కథ వేరుగా ఉండేది. కువైట్ నుంచి తిరిగొచ్చిన వాళ్లకు పాస్‌పోర్టు మీద పడ్డ ఒక ముద్ర పరిహారం తెచ్చింది. సమితిలో ఏ సంస్కరణ వచ్చినా, చివరికి దాన్ని కొలవాల్సింది ఆ ముద్ర లాంటి చిన్న రుజువు సామాన్యుడికి పనికొస్తుందా లేదా అన్న దానితోనే.